నర్సింగం కొసరు

నర్సింగానికి కొసరు కావాలి. ఏది కొన్నా, ఏది చేయించుకున్నా, ఎవరైనా ఊరికే ఇచ్చినా సరే, పైన ఇంత కొసరు పడితే తప్ప ఆయన చాచిన చెయ్యి వెనక్కి రాదు. కూరగాయల మీద కొత్తిమీర అడిగేవాళ్లు లోకంలో చాలామందే ఉన్నారు, వాళ్ల సంగతి వదిలేయండి. సూరత్‌లో పానీపూరీ తిన్నవాళ్లకు చివర్లో ఒక ఉత్త పూరీ ఊరికే ఇవ్వడం ఆనవాయితీ. నర్సింగం ఆ పూరీ కూడా తినేసి, దాని మీద కొసరు అడుగుతాడు.

ఒకసారి ఆయన మన తెలుగు డాక్టరు దగ్గరే పన్ను పీకించుకున్నాడు. నోట్లో దూది ఉండగానే కొసరు అడిగాడు. డాక్టరు బిత్తరపోయి, పక్క పన్ను గట్టిగానే ఉంది కదా, దాన్నెందుకు తీయడం అన్నాడు. నర్సింగం దూది తీసి చేత్తో పట్టుకున్నాడు. "కొసరంటే తీసుకునుడు గాదు సార్, ఇచ్చుడు. పెట్టే పన్ను ఏమన్న ఉంటే సూడుండ్రి" అన్నాడు. డాక్టరు టూత్‌పేస్టు ఒకటి చేతిలో పెట్టి బతికి బయటపడ్డాడు.

ఆయన పెళ్లి ముచ్చట చుట్టాల్లో ఇప్పటికీ నడుస్తోంది. అయ్యగారు మూడు ముళ్లూ వేయించి అక్షింతలు అందుకునేలోపు, పెళ్లికొడుకు మళ్లీ వంగి నాలుగోది బిగించాడట. నిజమేనా అని ఆయన భార్య లలితమ్మను అడిగితే దాచదు. "లెక్క ముళ్లు మూడు ఎప్పుడో వదులైనయ్. గా కొసరు ముడే ఊడుతలేదు" అంటుంది.

లలితమ్మ బాధల్లా వేరే. ఊరందరి దగ్గరా అడిగి తెచ్చిన కొసరు ఏనాడూ ఇంటి గడప తొక్కదు. కొత్తిమీర రాదు, టూత్‌పేస్టు రాదు, మిల్లువాళ్లు తాన్ల మీద కలిపిచ్చిన గుడ్డ ముక్కైనా రాదు. ఏమైందని నిలదీస్తే "తొవ్వల అయిపోయింది" అంటాడు. అంత కొత్తిమీర తొవ్వలో ఎట్లా అయిపోతుందో మేకలకే తెలియాలని ఆమె ఎత్తిపొడుపు.

ఇటువంటి మనిషి చేతిలో నీరజ పడింది.

నీరజ తండ్రీ నర్సింగమూ సిరిసిల్ల దిక్కు నుంచి ఒక్కసారే సూరత్ వచ్చి, పక్కపక్క సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, చీరలు నేసినవాళ్లు. తరవాత నర్సింగం రింగ్ రోడ్డులో చిన్న దుకాణం పెట్టి, భార్య పేరుతో 'లలితమ్మ చీరలు' అనే బ్రాండును నిలబెట్టాడు. సూరత్‌లోనే బమ్రోలి పేటలో పెరిగిన నీరజ మాత్రం దారం జోలికి పోలేదు. కంప్యూటర్ ముందు కూర్చుని ఎలక్ట్రానిక్ డాన్సు సంగీతం కడుతుంది. కాలేజీ వేడుకలకు, పెళ్లి బరాత్‌లకు చిన్న చిన్న ముక్కలు చేసిచ్చింది గాని, ఇది నాది అని చెప్పుకునే పెద్ద పని ఆమెకు అప్పటిదాకా దక్కలేదు.

ఆ పని నర్సింగమే తెచ్చాడు. ఎంత ఎగిరినా కుచ్చిళ్లు జారని కొత్త చీర ఒకటి ఆయన తయారు చేయించాడు. ఆ మాట ఎవరు నమ్ముతారు? అందుకని బతుకమ్మ, నవరాత్రులు కలిసొచ్చే రోజుల్లో హాలు మాట్లాడి, టోకున కొనే సేట్లను ఇంటివాళ్లతో సహా పిలిచి, వాళ్ల ఆడవాళ్లకు ఆ చీరలు కట్టించి ఆడించాలని పథకం వేశాడు. దానికి అరగంట తెగకుండా సాగే డాన్సు సంగీతం కావాలి. "మధ్యల ఆగితే కుచ్చిళ్లు సర్దుకుంటరు బిడ్డా. గందుకే ఆగొద్దు" అన్నది ఆయన పెట్టిన ఒకే ఒక షరతు.

నీరజ తిండీ నిద్రా మానినంత పనిచేసింది. సంగీతం సన్నగా మొదలై, ఒక్కో చప్పుడూ వచ్చి చేరి, హాలు పైకప్పు లేచిపోయేంత ఊపు అందుకుంటుంది. మధ్యలో ఒక గొంతు లలితమ్మ పేరును తిప్పి తిప్పి అంటుంది. ఆమె ప్రాణమంతా చివర్లో ఉంది. చప్పుళ్లు ఒక్కొక్కటే తప్పుకుంటూ పోయి, ఆఖరికి ఒకే ఒక్క చప్పట మిగులుతుంది. తరవాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం కోసమే ముందున్నదంతా కట్టానని తండ్రితో చెప్పుకుని మురిసిపోయింది.

నర్సింగం కళ్లు మూసుకుని మొత్తం విన్నాడు. నిశ్శబ్దం కూడా విన్నాడు. కళ్లు తెరిచి, "మస్తుగున్నది బిడ్డా. మరి కొసరేది?" అన్నాడు.

నీరజకు ఒళ్లు మండింది. "పెద్దబాపూ, ఇది పాట. కొత్తిమీర గాదు. గక్కడ ఖతం. దాని తర్వాత ఏం పెట్టినా అంతా ఖరాబైతది."

"అరగంట అడిగిన, అరగంట ఇచ్చినవ్. గది లెక్క. లెక్క తీరినంక ఇచ్చేదే మర్యాద."

ఎంత మొత్తుకున్నా వినలేదు. పైగా కొసరుకు షరతులు కూడా పెట్టాడు. అందులో బ్రాండు పేరు ఉండకూడదట. ఎవరూ నేర్పకుండానే ఆడగలిగేదై ఉండాలట. తన మొదటి పెద్ద పని ముక్కూ మొహం లేకుండా పోతుందని నీరజ కుమిలిపోయింది. పని వదులుకుందామా అనుకుంది. చివరికి కోపంకొద్దీ రెండు బతుకమ్మ చప్పట్లు, కింద ఒక లావుపాటి డప్పు దెబ్బ అతికించి, ఉప్పూ కారం లేకుండా అయిదు నిమిషాల ముక్క పంపించింది. నర్సింగం విని "సాలు" అన్నాడు. ఆయన నోట ఆ మాట విన్న మొదటి మనిషి నీరజే అయి ఉండాలి.

వేడుక మధ్యాహ్నం మొదలైంది. నీరజ వేదిక మీద తన పెట్టెలు, తీగలు సర్దుకుంది. సేట్ల ఇంటి ఆడవాళ్లు కొత్త చీరల్లో ఆడుతుంటే, వాళ్లకు పిన్నులు పెట్టడానికి, మంచినీళ్లు అందించడానికి నర్సింగం దుకాణంలో పనిచేసే ఆడవాళ్లు గోడల వెంట నిలబడ్డారు. చీరలు మడత పెట్టేదీ, వాటికి రాళ్లు అతికించేదీ వాళ్లే. వాళ్లు కట్టుకున్నవీ అవే చీరలు. దుకాణం పెట్టిన యూనిఫారం కాబోలు అనుకుంది నీరజ.

సంగీతం అనుకున్నట్టే సాగింది. ఒక్క కుచ్చిలి జారలేదు. చప్పుళ్లన్నీ తప్పుకుని, ఒక్క చప్పట మోగి, హాలంతా ఊపిరి బిగబట్టింది. ఆ నిశ్శబ్దం దక్కింది నీరజకు. తరవాత చప్పట్లు మిన్నంటాయి. నర్సింగం సేట్లకు దండం పెట్టి, పక్క గదిలో భోజనాలు సిద్ధమని అందరినీ అటు పంపాడు. నీరజ కొసరు మొదలు కాకముందే ఆపేద్దామని చెయ్యి చాపింది.

"ఆపకు బిడ్డా" అంటూ వచ్చాడు నర్సింగం. గోడ దగ్గర నిలబడ్డ పనివాళ్లలో ఒకామె, పద్మారాణి చేతిలోంచి నీళ్ల పళ్లెం తీసుకున్నాడు. "లెక్కది కొనేటోళ్లకు అయిపోయింది. కొసరు మనోళ్లది. నెల్లాళ్ల సంది గీళ్లు మడతలు పెడుతున్నరు, ఒక్కలన్న ఆడిండ్రా?"

పద్మారాణి సిగ్గుపడుతూ నడుముకు కొంగు దోపింది. ఈ చీరలు మిల్లువాళ్లు కొసరిచ్చిన గుడ్డవేనని, ఎవరింట్లో ఏది లేకపోతే అది నర్సింగం సేటు జేబులోంచి వస్తుందని, ఆ మధ్య తన వంతుకు ఒక టూత్‌పేస్టు కూడా వచ్చిందని చెప్పింది. పక్కనే ఉన్న లలితమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "గట్లనా. అయితే నా కొత్తిమీరంత తిన్న మేకవు నువ్వేనా?" అని పద్మారాణిని చెయ్యి పట్టుకుని మధ్యలోకి లాక్కుపోయింది.

చప్పట్లు మొదలయ్యాయి. ఆడవాళ్లు గుండ్రంగా కదిలారు. నీరజకు మాత్రం తల ఎత్తబుద్ధి కాలేదు. వీళ్లకా తను కోపంతో అతికించిన చప్పిడి ముక్క ఇచ్చింది? వాళ్ల కాళ్లు ఊపందుకునేసరికే అది అయిపోతుంది. ఆమె గబగబా మీటలు తిప్పింది. ఆ అరగంట పాటలో కట్టిన చప్పుళ్లన్నిటినీ ఒక్కొక్కటిగా వెనక్కి పిలిచి, ఆ బతుకమ్మ చప్పట్ల కింద పరిచింది. తను నిశ్శబ్దంలో వదిలేసిన ఒంటి చప్పట కూడా తిరిగి వచ్చింది. ఈసారి దానికి అంతమంది చేతులు తోడయ్యాయి. తన పాటకు ఇదే అసలైన ముగింపు అని నీరజకు అప్పుడు తెలిసింది, సంతోషంతో కళ్లు చెమర్చాయి.

పక్క గదిలోంచి సేట్ల ఇంటివాళ్లు తింటున్న జిలేబీలతో సహా తొంగి చూశారు. హాలు మేనేజరు గడియారం చూపిస్తూ వచ్చాడు. మాట్లాడుకున్న టైము అయిపోయిందన్నాడు. నర్సింగం ఆయన భుజం మీద చెయ్యి వేసి ఏదో చెప్పాడు. ఏం చెప్పి ఉంటాడో వేరే చెప్పాలా? మేనేజరు తల కొట్టుకుంటూ వెళ్లిపోయాడు.

ఎట్టకేలకు నీరజ చప్పుడు తగ్గిస్తూ, "పెద్దబాపూ, నాకేది కొసరు?" అంది.

నర్సింగం ఉలిక్కిపడ్డాడు. జన్మలో ఆయన్నెవరూ ఆ మాట అడగలేదు. "ఏం గావాలె బిడ్డా?"

"ఒక్క చుట్టు ఆడు."

తప్పించుకోవడానికి అటూ ఇటూ చూశాడు గాని, లలితమ్మ అప్పటికే చెయ్యి పట్టుకుంది. నర్సింగం తన చీరలకు హామీ ఇచ్చాడే గాని ధోవతికి ఇవ్వలేదు. అందుకని ఒక చేత్తో దాన్ని గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో గాలిని కొడుతూ, అందరికంటే ఒక అడుగు వెనక ఒక చుట్టు ఆడాడు. అందరూ నవ్వి నవ్వి అలిసిపోయారు. చుట్టు పూర్తయింది, నీరజ పాట ఆపబోయింది.

నర్సింగం ఆపొద్దని చెయ్యి ఊపి, ధోవతి ఎగదోపుకుని మళ్లీ కదిలాడు.

"గిది కొసరు" అన్నాడు.