సుట్టుదారిలో కళ్లం

టేకల్ పక్క ఎక్స్‌ప్రెస్ రోడ్డు వేసేటప్పుడు చూసినాను ఆ రాగులాయన్ని. పెద్దరోడ్డు మీదికి ఎక్కేదానికి కడియం మాదిరి గుండ్రంగా ఒక సుట్టుదారి వేసినారు. ఇంకా బండ్లు వదల్లేదు. నేను పాఠాలు చెప్పే బడికి దగ్గరవుతుందని స్కూటర్‌లో అందులో దూరినాను.

దారంతా రాగికంకులు పరిచి, ఆయన గట్టున కూర్చోని ఉన్నాడు. మా పక్క కంకులు రోడ్డున పరిస్తే, వచ్చేపొయ్యే బండ్లే తొక్కి గింజలు రాలుస్తాయి.

"బండ్లే రాని దారిలో పరిస్తే ఎట్లప్పా?"

"మీరు వచ్చినారు కదా అయివారా. ఇంగొక సుట్టు తిరగండి."

తిరిగినాను. నేను దగ్గరికి వచ్చినప్పుడల్లా వేలితో గాలిలో గుండ్రంగా గీసి, "ఇంగొక సుట్టు" అనేవాడు. పొద్దుటి మంచులో, టైర్ల కింద కంకులు మెత్తగా నలిగే సద్దులో, నేను బడి సంగతే మరిచిపోయినాను.

"ఊరిరోడ్డులో అన్ని బస్సులు తిరుగుతాయి కదా, ఈడికి యాల వచ్చినావప్పా?" అన్నాను చివరికి.

ఆయన అరచేత్తో తారును తడిమినాడు. "మా కళ్లం దీని కిందనే ఉండాది. మా ఎద్దులు కంకుల మీద రాతిగుండు లాగతా ఇట్లే తిరిగేవి."

ఇప్పుడు ఆ దారిలో స్కూటర్లను రానీరు. మొన్న బాడుగ కారులో పోతా ఉంటే ఆ సుట్టు వచ్చింది. నాకు తెలీకుండానే నా వేలు గాలిలో గుండ్రంగా తిరిగింది.

డ్రైవరు అద్దంలో చూసినాడు. "మళ్లా సుట్టేదానికి కుదరదు సార్. ఈడ ఎక్కినామంటే ఇంగ నేరుగా పోవాల్సిందే."