ఎడారిలో తుప్పు

ఎడారి ఊరైన చాండ్లర్‌లో స్విమ్మింగ్ పూల్ ఉన్న పాత ఇల్లు కొనుక్కుని చేరిన మొదటి వేసవి. గరాజ్‌లో పెట్టిన మా పాప కొత్త సైకిల్ నెల తిరక్కుండానే తుప్పు పట్టింది.

"ఇక్కడున్న వాటర్ హీటర్ లీక్ అవుతోందేమో," అన్నారు మావారు. నేల చూస్తే పొడిగా ఉంది. ఆరేసిన బట్టలు గంటలో పెళపెళలాడే ఊళ్ళో ఇనుముకి తుప్పెలా వస్తుంది? నాకు అనుమానం తీరలేదు. పరిశీలించి చూస్తే, మూలనున్న అలమరకి దగ్గరైనకొద్దీ సామాన్లకి తుప్పు ఎక్కువగా ఉంది. అలమర తెరవగానే ఘాటుకి ముక్కు మండింది. పాత ఓనర్లు వదిలేసిన ప్లాస్టిక్ డబ్బా ఒకటి, మూత పగిలి, పేరు చెరిగిపోయి ఉంది. దాని పక్కనే పూల్‌లో వేసే క్లోరిన్ బిళ్ళల బకెట్.

"సింక్‌లో పారబోసేస్తా," అంటూ ఆయన చెయ్యి చాపారు.

"ముట్టుకోకండి! అదేంటో తెలీదు కదా," అని ఆయన్ని బయటికి లాగి, ఫైర్ స్టేషన్‌కి ఫోన్ చేశాను.

వాళ్ళు మాస్కులతో వచ్చి రెండింటినీ విడివిడిగా బయటపెట్టారు. డబ్బాలో ఉన్నది పూల్‌లో వాడే యాసిడ్. దాని ఆవిరికే సైకిల్ తుప్పు పట్టిందట. అదే ఒలికి క్లోరిన్‌లో కలిసి ఉంటే విషవాయువు కమ్మేసేదట.

దూరంగా నిలబడ్డ మా నాలుగేళ్ళ పాప డబ్బా వెనకవైపుకి వేలు చూపించింది. "మమ్మీ, ఆ హ్యాండ్‌కి హోల్ ఎందుకుంది?"

యాసిడ్ చుక్కలు పడి చెయ్యి కరిగిపోతున్నట్టు వేసిన హెచ్చరిక బొమ్మ అది. ఇప్పుడు ఏ డబ్బా కొన్నా ముందు దానిమీద అలాంటి బొమ్మ ఉందేమోనని చూస్తాను. చదవడం రాని పిల్లకి కూడా అర్థమయ్యేది అదే కదా!

– సుజాత, చాండ్లర్