ములుగు అడవి ఆకు

ఈ కాలపు మందుసీసాల మూతలు నొక్కి తిప్పితే తప్ప రావు. పిల్లలు తెరవకూడదని ఈ ఏర్పాటట. మా ఇంట్లో పిల్లలు తెరిచిపెడితేనే నేను తాగుతున్నాను. నిన్న మనవడు కాలేయం టానిక్కు మూత తీయగానే పచ్చిచేదు వాసన లేచింది. డెబ్బయ్యో దశకం చివర, నేతపనివాళ్ల కాశిబుగ్గలో, ఆదివారం పొద్దున మా పక్కింటి కనకవ్వ కుండలోంచి వచ్చిన వాసనే అది.

కనకవ్వ కామెర్లకు కషాయం ఇచ్చేది. ఆకు ములుగు అడవిలోనే దొరుకుతుందనీ, పేరు బయటపెడితే గుణం పోతుందనీ చెప్పేది. జనం మగ్గాలు ఆపుకొని వచ్చి ఆమె వాకిట్లో వరస కట్టేవారు. నేనప్పుడు బీఎస్సీలో వృక్షశాస్త్రం చదువుతున్నాను, కనబడిన ప్రతి మొక్కకూ పేరు చెప్పకపోతే తోచని వయసు. ఒకనాడు కుండలోకి తొంగిచూసి, ఇది నేల ఉసిరి కదా, మన మురుగు పారే మోరీ పక్కనే మొలుస్తుంది కదా అన్నాను.

ఆమె గరిటె ఆపలేదు. "మోరి పక్కదంటే ఎవడు తాగుతడు బిడ్డా? అడివిదంటే తాగుతడు. తాగితె తగ్గుతది. తెలిసిందల్లా ఒర్రుకుంట తిరుగుడు గూడ ఓ రోగమే. దానికైతే నా తాన మందు లేదు."

ఆ రోగం నాకు చాలావరకు ఆ పూటే తగ్గింది.

కొన్నాళ్లకు ఆమె కొడుకు యాదగిరికే కామెర్లు వచ్చాయి. కుండ చూసి అతను మొహం తిప్పుకున్నాడు. "చిన్నప్పటిసంది మోరి కాడ తెంపుకొచ్చింది నేనే. నాకే చెప్తవా అవ్వా, అడివని?"

"పోనీ, పెద్ద దవాఖానకు పోదాం పా," అంది కనకవ్వ.

"మనదే మందిచ్చే ఇల్లాయె. నేను పోయి దవాఖాన్ల పంటె మంది నవ్వరా?"

కనకవ్వ మొదటిసారి నిజంగానే ములుగు బస్సెక్కింది. అదే ఆకును అడవి మట్టితో సహా కొంగున కట్టుకొచ్చి, నమ్మకానికి బస్సు టికెట్టు కూడా చూపించింది. అతను టికెట్టు చూసి నవ్వాడు. తాగలేదు. స్పృహ తప్పాక మంచంతో సహా దవాఖానకు మోసుకుపోయాం. ఆలస్యమైందన్నాడు డాక్టరు. ఆ మాట చెప్పడానికి మాత్రం ఆయన ఆలస్యం చేయలేదు.

తర్వాత చాలా ఏళ్లు కాలేజీలో మొక్కలకు పేర్లు చెప్పి బతికాను. ఈ ఒక్క మొక్క దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గేది. నిన్న కూడా సీసా మీద బొమ్మ ఏమిటని మనవడు అడిగితే, అడవి ఆకు అన్నాను.

యాదగిరి దినాలయ్యాక వచ్చిన మొదటి ఆదివారం, గోడ అవతల మళ్లీ అదే వాసన. వెళ్లి చూస్తే వాకిట్లో ఎప్పటిలాగే వరస. నోరు ఆగలేదు. "ఇంకా ఇస్తున్నవా అవ్వా?" అన్నాను.

ఆమె వడకడుతూ తల ఎత్తలేదు.

"నమ్మినోళ్లకే మందు బిడ్డా. వాడు నా కొడుకాయె."