నాయనమ్మ కోసం కొన్న లెన్సు

ఆ రోజుల్లో మనిషికి ముఖం ఉంటే చాలు, దానికో నకలు కూడా ఉండాలని మా క్యాంపులో ఎవరూ పట్టుబట్టేవారు కాదు. తుంగభద్ర కాలవ నీళ్ళను నమ్ముకుని కృష్ణా జిల్లా నుంచి వచ్చి కన్నడసీమలో సింధనూరు పక్కన దిగిన ఇరవై ఇళ్ళ క్యాంపు మాది. అంత చిన్న క్యాంపులో మా వసారా గోడకు మాత్రం మూడు ఫోటోలు ఉండేవి. తాతయ్యది, పెదనాన్నది, మేనత్తది. ముగ్గురూ ఫోటో దిగిన ఏడాదిలోపే పోయారు. తాతయ్య జ్వరంతో, పెదనాన్న పాము కరిచి, మేనత్త పురిట్లో. ఆ ఫోటోలు బిగించిన వడ్రంగి చూడ్డానికి బాగుంటుందని నాలుగు మేకులు కొట్టి వెళ్ళాడు. ఆ నాలుగో మేకుకు మా నాయనమ్మ చేటను కూడా తగిలించనిచ్చేది కాదు. దీపాలు పెట్టే వేళకు మూడు ఫోటోల మీదా పాత పంచె ముక్క కప్పేది. ఎందుకని అడిగితే, "రాత్రంతా మనల్నే చూస్తూ కూర్చోవాలంటే వాళ్ళకి మాత్రం విసుగుండదూ" అనేది.

ఆవిడ లెక్కలో ఫోటో దిగడమంటే పోవడానికి పేరు రాయించుకోవడం. నేను అప్పుడే రాయచూరులో బీయస్సీ పూర్తి చేసి సింధనూరు రైసుమిల్లులో గుమాస్తాగా చేరాను గనక, కార్యకారణ సంబంధం గురించి ఆవిడకు అరగంట సేపు చెప్పాను. నాయనమ్మ బియ్యంలో రాళ్ళేరుతూ శ్రద్ధగా విని, "అలాగేరా నాన్నా, నువ్వు చదువుకున్నావు" అంది. రెండు రాళ్ళు ఏరాక, "మరి ముగ్గురూ పోయారుగా" అంది.

ఆ ఏడు ఆవిడకు ఆయాసం పట్టుకుంది. ఒక సాయంత్రం కాలవ గట్టున నాన్న నాతో, "అమ్మ మొహం నేను మర్చిపోతానని కాదురా. నా తరవాతి వాళ్ళకి ఎవరు చెబుతారు, ఇలా ఉండేదని?" అన్నాడు. "ఆవిడకి తెలీకుండా తియ్యగలవా?" అని అడిగాడు. నా మొట్టమొదటి ఎస్సెల్లార్ కెమెరా ఆ ఒక్క ప్రశ్న వల్ల మా ఇంట్లోకి వచ్చింది. దానికి జూము లెన్సు ఎంచుకునే పనిని నేను శాస్త్రీయంగా మొదలుపెట్టాను. ముందు నాయనమ్మ చూపు ఎంత దూరం ఆనుతుందో కొలిచాను. ముప్ఫై గజాలు దాటితే ఆవిడ మా చిన్నాన్నకూ గేదెకూ తేడా చెప్పలేకపోయింది. (మా చిన్నాన్నను చూసినవాళ్ళు ఆ పరీక్ష చెల్లదన్నారు.) మా వసారా నుంచి కాలవ అవతలి గట్టు నలభై గజాలు. అక్కడ పడుకుని తీస్తే పని అయిపోయినట్టే.

రాయచూరు స్టేషన్ రోడ్డులో స్టూడియో నడిపే ఒక పెద్దాయనను ఊరంతా చాచా అనేది. ఆయన దగ్గర సెకండ్‌హాండు కెమెరా ఒకటి, జూములు రెండు ఉన్నాయి.

"దేనికి బాబూ జూము? పిట్టలకా?"

"మా నాయనమ్మకు."

"ఎంత దూరంల ఎగురుతది?" అన్నాడు చాచా.

"నలభై గజాలు."

"నా మాటిని గీ చిన్నది తీస్కో. పెండ్లిలకు గిట్ల, ఇంట్ల పిల్లలకు గిట్ల పనికొస్తది. గా పెద్దదాంతోని ఎనిమిదడుగుల లోపల ఏం కానరాదు, అంత పొగనే. జర సోంచాయించుకో."

"నాకు దగ్గరివాళ్ళతో పని లేదు చాచా" అన్నాను. కెమెరాతో పాటు వచ్చే మామూలు లెన్సును కూడా ఆయనకే మారకంగా ఇచ్చేసి, మూరెడు పొడవున్న ఆ గొట్టాన్నే తెచ్చుకున్నాను. బయల్దేరేముందు చాచా ఇంకొక మాట చెప్పాడు. మీట నొక్కగానే లోపలి అద్దం పైకి లేస్తుందట, ఆ లిప్తపాటు కంటికి చీకటేనట. "ముందరిది నువ్వు చూస్తవు, ఎనకది నువ్వు చూస్తవు. నడుమది నువ్వు చూడవు, ఫిలిమొక్కటే చూస్తది."

మర్నాడు సాయంత్రం అవతలి గట్టున బోర్లా పడుకుని గొట్టాన్ని వసారా వైపు తిప్పాను. నలభై గజాల అవతలి నాయనమ్మ ఒక్కసారిగా నా ముక్కు ముందుకు వచ్చింది. స్తంభం పక్కన నులక మంచం మీద కూర్చుని ఉంది. పెదవులు కదులుతున్నాయి. మాట వినపడదు, పక్కన మనిషి లేడు. గోడకున్న ముగ్గురి వైపు తిరిగి, ఇంటికి వచ్చిన చుట్టాలతో మాట్లాడినట్టు తల ఊపుతూ మాట్లాడుతోంది. ఆ మాటలు ఆపి, మెల్లగా తల తిప్పి, తిన్నగా నా కంట్లోకి చూసింది. నేను కెమెరా పక్కకు తీసి చూశాను. అంత దూరాన ఉన్నది ఒక తెల్లటి మూట, అంతే. మళ్ళీ కన్ను పెట్టాను. ఇంకా నన్నే చూస్తోంది. ఊపిరి బిగబట్టి మీట నొక్కాను. మీట గట్టిది. నొక్కేటప్పుడు అద్దంతో పాటు నా కన్ను కూడా మూసుకుపోయేది. తెరిచేసరికి నాయనమ్మ ఏమీ ఎరగనట్టు బియ్యంలో రాళ్ళు ఏరుకుంటోంది.

ఇలా పదిహేను రోజులు, మూడు రీళ్ళు. రోజూ అదే తంతు, రోజూ అదే చూపు. రీళ్ళు కడిగించడానికి రాయచూరు వెళ్తే చాచా మూడు ఫోటోలు బల్ల మీద పరిచి, తలుపు దగ్గరకు వేశాడు. మొదటిదాంట్లో మంచం ఉంది, చేట ఉంది, మనిషి లేదు. రెండోదాంట్లోనూ మనిషి లేదు, గోడ మీద నీడ మాత్రం ఉంది, సరిగ్గా నాలుగో మేకు కింద. మూడోదాంట్లో మనిషి ఉంది గాని, తెల్లటి పమిట నుదురు నుంచి గడ్డం దాకా కప్పుకుని నిటారుగా కూర్చుని ఉంది. మిగిలిన వంద పైచిలుకూ ఈ మూడింటికి కవలలే.

"గీ ముసలామె మీ ఇంట్ల ఉన్నదా, పోయిందా?" అన్నాడు చాచా.

"ఉంది చాచా. పొద్దున నాకు అట్టు పోసి పెట్టింది."

"తిన్నవా?"

"తిన్నాను."

ఆయన గడ్డం నిమురుకుంటూ నన్ను ఎగాదిగా చూశాడు. "లెన్సు అయితే నేను వాపస్ తీస్కోను" అన్నాడు.

ఆ తర్వాత నేను కాలవ అవతలికి వెళ్ళలేదు. భయపడ్డానని చెప్పను, బీయస్సీ చదివినవాణ్ణి. మజ్జిగ పోస్తున్నప్పుడు ఆవిడకు నీడ పడుతోందా లేదా అని చూసేవాణ్ణి, అంతే. (పడుతోంది. రెండుసార్లు చూశాను.)

నెల తిరిగేసరికి నాయనమ్మకు ఆయాసం ఎక్కువై లోపలి గదిలో మంచం పట్టింది. సింధనూరు డాక్టరు వచ్చి చూసి, నాన్నను పక్కకు పిలిచి మాట్లాడి వెళ్ళాడు. నాన్న నన్ను ఫోటో సంగతి అడగలేదు. అడగకపోవడమే కష్టంగా ఉండేది. ఒక మధ్యాహ్నం నాయనమ్మే నన్ను పిలిచింది.

"ఒరే, ఆ గొట్టం పట్టుకురా."

"ఏ గొట్టం?"

"కాలవ అవతల పడుకుని నా మీద గురి పెట్టావే, అది."

నేను వెళ్ళి కెమెరా తెచ్చి మంచం పక్కన కూర్చున్నాను. "నీకెలా తెలిసింది నాయనమ్మా? నీకు అంత దూరం ఆనదుగా."

"మనిషి ఆనడు. తెలుపు ఆనుతుంది. సాయంత్రం గట్టు నిండా కొంగలేగా. నువ్వు పడుకున్న చోట మాత్రం వాలేవి కావు. రోజూ అక్కడ మనిషంత ఖాళీ ఉండేది." కాసేపు ఆయాసపడి, చిన్నగా నవ్వింది. "నువ్వు నొక్కేముందు స్తంభం వెనక్కి ఒరిగిపోయేదాన్ని. లేకపోతే పమిట."

"నొక్కేది ఎప్పుడో ఎలా తెలిసేది?"

"ఊపిరి బిగబట్టేవాడివిగా."

మధ్యలో కాలవ ఉంది, నలభై గజాలు ఉన్నాయి. అది ఎలా వినపడిందని అడగబోయాను గాని, ఆవిడ మిగిలిన ఊపిరిని దానికి ఖర్చు పెట్టదలుచుకోలేదు.

"తియ్యి ఇప్పుడు. మీ నాన్న రోజూ వచ్చి నా మొహం కేసి చూసి పోతున్నాడు, చూడలేకపోతున్నాను. దగ్గరికి రా."

కెమెరా ఎత్తాను. చాచా చెప్పిన పొగ తప్ప ఏమీ కనపడలేదు. ఒక అడుగు వెనక్కి వేశాను. పొగే. ఇంకో అడుగు.

"దగ్గరికి రమ్మంటే అలా వెనక్కి పోతావేంరా?"

"ఈ లెన్సు అంతే నాయనమ్మా. దగ్గరివి పట్టదు."

"అలాంటిది ఎవరు కొనమన్నారు నిన్ను?"

ఇంకో అడుగు వెనక్కి వేశాను. వీపుకు వడ్ల బస్తాలు తగిలాయి. పక్కకు జరిగి, గడప దాటి, వసారాలోకి వచ్చేశాను. అక్కడి నుంచి, ద్వారబంధం నడుమ, పొగలోంచి ఆవిడ ముఖం తేలింది. ప్రతి ముడతా తెలుస్తోంది. కిటికీ వెలుగు చెంప మీద పడుతోంది. ఈసారి పమిట లేదు, ఒరగడం లేదు. దిండు మీంచి కుడిచెయ్యి కొంచెం పైకెత్తి, "రారా" అంది. పెదవులు కదలడం చూశాను, మాట వినలేదు. ద్వారబంధానికి ఆనుకుని, ఊపిరి బిగబట్టి, కన్ను మూయకుండా నొక్కాను. చీకటి.

తొమ్మిదో రోజున నాయనమ్మ పోయింది. ఫోటో ఇస్తూ చాచా ఒక్కటే మాట అన్నాడు, "ఈసారి వచ్చింది." నాన్న దాన్ని నాలుగో మేకుకు తగిలించి, మిగతా మూడింటితో పాటు దాని మీదా పంచె ముక్క కప్పాడు. ఫోటో దిగడం వల్ల ఆవిడ పోలేదని, పోతానని తెలిసే దిగిందని, అంటే కార్యకారణాలు తిరగబడ్డాయని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. నలుగురి ఆధారంతో ఏదీ రుజువు కాదని కూడా తెలుసు. అయినా ఈ యాభై ఏళ్ళలో ఏ పెళ్ళి ఫోటోలోనూ నేను కనపడను. తీసే మనిషి పక్కన నిలబడి, అందర్నీ దగ్గరికి జరగమని కేకలేస్తూ ఉంటాను.

ఆ ఫోటో ఇప్పుడు నా గదిలో ఉంది. చూసినవాళ్ళందరూ, ఎంత చక్కగా దీవిస్తోందండీ పెద్దావిడ అంటారు. నేను కాదనను. వయసు మీద పడి నా కళ్ళూ ఆ లెన్సులాగే తయారయ్యాయి, దగ్గరివి ఏవీ పట్టడం లేదు. ఆవిడ ముఖం చూడాలంటే వెనక్కి, ఇంకా వెనక్కి జరగాలి. అద్దాలు మార్చుకోమని ఇంట్లో పోరుతూనే ఉన్నారు. మార్చుకుంటాను లెండి. అప్పటిదాకా మంచం దాటి, గడప దాకా వెళ్ళి, అక్కడ నిలబడి చూస్తాను. చెయ్యి ఇంకా పైకెత్తే ఉంటుంది. ఊపిరి మాత్రం బిగబట్టను. ఆవిడకు తెలిసిపోతుంది.