మా మామ ఆడించిన బేస్‌బాల్

ధర్మవరంలో మా ఇంట్లో కంప్యూటర్ ఉన్నది పట్టుచీరల డిజైన్లు గీయడానికి. అంచులో ఏ గడి దగ్గర ఏ పోగు లేవాలో నేను తెర మీద గీస్తే, ఆ ప్రకారం అట్టలకు బెజ్జాలు పడతాయి. ఆ అట్టలు మగ్గం మీదికి ఎక్కుతాయి, మా ఆయన నేస్తాడు. ఇంతవరకూ వీధిలో అందరికీ తెలిసిన సంగతే. మధ్యాహ్నం అన్నాలయ్యాక అదే కంప్యూటర్లో నేను అమెరికా వాళ్ళ బేస్‌బాల్ ఆడిస్తానన్నది మాత్రం చాలా రోజులు ఎవరికీ తెలియనివ్వలేదు.

అది చూడ్డానికి ఆటలా కూడా ఉండదు. తెర మీద ఎవరూ పరిగెత్తరు, ఎవరూ కేకలు వేయరు. అన్నీ పేర్లు, అంకెలు. ఎప్పుడో చచ్చిపోయిన మహా ఆటగాళ్ళు కూడా అందులో ఉంటారు. ఒకణ్ణి తీసుకొని వాడి బతుకు మార్చి రాయొచ్చు. యుద్ధానికి పోయి మంచి వయసు పోగొట్టుకున్నవాణ్ణి పోనివ్వకుండా ఆపొచ్చు. నల్లవాడని పెద్ద జట్ల బయటే నిలబెట్టినవాణ్ణి ఇరవై ఏళ్ళకే లోపలికి పిలవొచ్చు. మోచెయ్యి పాడై ఆట మానేసినవాడికి కొత్త మోచెయ్యి ఇవ్వొచ్చు. ఆ తర్వాత మీట నొక్కితే చాలు, ఇరవై ఏళ్ళ ఆట పావుగంటలో గడిచిపోతుంది. వాడు ఏమయ్యేవాడో తెలిసిపోతుంది.

ఈ పిచ్చి నాకెందుకంటే, నేనూ బంతి విసిరినదాన్నే. మా పుట్టిల్లు రాప్తాడు దగ్గర. వేరుశనగ చేను, వానొస్తే పంట, రాకపోతే కూలి. మా బడిలో ఒక సారు ఎక్కణ్ణుంచో నాలుగు గ్లవ్‌లు తెచ్చి ఆడపిల్లలకు బేస్‌బాల్ నేర్పించాడు. చేలో మట్టిగడ్డలు విసిరి కాకుల్ని తోలిన చెయ్యి కదా, నాది బాగా తిరిగింది. రాష్ట్రం జట్టు దాకా పోయాను. పంతొమ్మిదో ఏట ఒక మ్యాచ్‌లో బంతి విసురుతుంటే భుజంలో ఏదో పటుక్కుమంది. అంతే, ఆ తర్వాత ఆ చెయ్యి చెవి దాటి పైకి లేవలేదు. గ్లవ్‌ను సామాన్లలో వేసుకొని, పెళ్ళి చేసుకొని ధర్మవరం వచ్చి, ఇక్కడి అటక మీద పడేశాను. దాని గురించి ఎవరైనా అడిగితే కసురుకునేదాన్ని. ఇప్పటికీ నా నోరు అంత మంచిది కాదు.

గుట్టు బయటపెట్టింది మా ఆయనే. డిజైన్ ఎంతవరకు వచ్చిందో చూద్దామని వచ్చి, తెర మీద అంకెలు చూసి నవ్వాడు.

"ఏందిది? చచ్చినోళ్ళకు ఉద్యోగాలిస్తాండావా? ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుండాది" అన్నాడు.

ఆయన నవ్వి పోయాడు గానీ, ఆ నవ్వు విని వెనకే వచ్చిన వాళ్ళ నాయన, మా మామ, పోలేదు. మామ యాభై ఏళ్ళు మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకొని కూర్చున్న మనిషి. కళ్ళు మసకబారి పోగులు కనిపించక రెండేళ్ళ కిందట మగ్గం దిగాడు. అప్పట్నుంచి ఇంట్లో ఆయనకు పొద్దుపోదు. పెద్ద అక్షరాలు మాత్రం కనిపిస్తాయి. స్టూలు ఈడ్చుకొని నా పక్కన కూర్చున్నాడు.

"ఎవురమ్మా వీడు?"

చెప్పాను. ఎడమచేతి వాటం, బంతి విసిరేవాడు, అసలు బతుకులో చెయ్యి పాడై తొందరగా మానేశాడు.

"ఇప్పుడేం చేస్తాండాడు?"

"ఇప్పుడు బాగానే ఉన్నాడు మామా. నేను చెయ్యి బాగుచేసినా."

"శానా మంచి పని చేసినావు" అన్నాడు. ఆ రోజు నుంచి మధ్యాహ్నం కునుకు మానేశాడు. బేస్‌బాల్ అంటే ఏమిటో ఆయనకు ఈ రోజుకీ తెలియదు. ఎంతమంది ఆడతారో తెలియదు. కానీ ఎవణ్ణి ఎక్కడ పెట్టాలో నాకు చెప్పేవాడు. "వీనికి తల్లి లేదంటివి కదా, ఊరికి దగ్గరుండే జట్టులో పెట్టు" అనేవాడు. నేను తిట్టుకుంటూనే పెట్టేదాన్ని. నిజం చెప్పొద్దూ, ఒకోసారి ఆయన మాటే నెగ్గేది.

ఒకరోజు ఆ ఎడమచేతివాడికి మళ్ళీ చెయ్యి విరిగింది. నేను బాగుచేసి ఇచ్చినా సరే, మూడో ఏట ఆటలోనే విరిగింది. జట్టులో చోటు దండగని వాడి పేరు జాబితాలోంచి తీసేయబోయాను.

"కొయ్యొద్దు!" అని మామ అరిచాడు, నా చేతిలో కత్తెర ఉన్నట్టు.

నా చెయ్యి ఆగిపోయింది. ఆ అరుపు నేను ఇంతకుముందు ఒక్కసారే విన్నాను.

మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోయాక మా వాళ్ళు చివరి చీర కోసుకుంటారు గానీ మిగిలిన మొనల్ని తీసేయరు. జానెడు పోగులు మగ్గంలోనే వదిలేస్తారు. కొత్త పడుగు వచ్చాక ఆడవాళ్ళు కూర్చొని, వేళ్ళకు బూడిద రాసుకొని, పాత మొన ఒక్కోదానికీ కొత్త పోగు ఒక్కోటి కలిపి మెలిపెట్టి అతుకుతారు. అప్పుడు లాగితే కొత్తది పాతదాని వెంటే సాఫీగా లోపలికి వస్తుంది. కాపురానికి వచ్చిన కొత్తలో నాకిది తెలియదు. వేరుశనగ పీకాక చేను దులిపి శుభ్రం చేసే ఇంట్లో పుట్టాను. ఎవరూ లేనప్పుడు మగ్గం తుడుస్తూ, చెత్త అనుకొని ఆ మొనలన్నీ కత్తిరించి ఊడ్చేశాను. మెప్పు వస్తుందనుకున్నాను. మామ వచ్చి చూసి ఒక్క అరుపు అరిచాడు. నాలుగు రోజులు కూర్చొని వేల పోగులు ఒక్కోటిగా మళ్ళీ మగ్గంలోని సన్నటి సందుల్లోంచి దూర్చాడు. ఆ కళ్ళు నా వల్లే పోయాయేమోనని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

అందుకే ఈసారి నోరు మూసుకొని వాడి పేరు జాబితాలోనే ఉంచాను. ఆట తెలిసినవాళ్ళెవరూ చేయని పని అది. రెండేళ్ళు వాడు ఊరికే కూర్చున్నాడు, మా జట్టు వరసగా ఓడింది, నేను మామ మీద రుసరుసలాడాను. మూడో ఏట వాడు బంతి విసరలేకపోయాడు గానీ బ్యాట్ పట్టాడు. మహా గొప్పగా కాదు, మామూలుగా. ముప్పై ఎనిమిదేళ్ళ వయసు దాకా ఆడాడు. మామ వారం రోజులు టీ అంగడి దగ్గర అందరికీ వాడి కథ చెప్పాడట. వాడు మా చుట్టం అనుకున్నారట వాళ్ళు.

ఆ వారంలోనే మా సారు ఫోన్ చేశాడు. ఆయనకు వయసైపోయింది. "ఆడపిల్లోళ్ళ జట్టుకు నేర్పించేవాళ్ళు కావాలమ్మా. వారానికి మూడు దినాలు వస్తే సాలు. నువ్వొస్తావంటే వేరేవాళ్ళను పిలిచేది లేదు. సోమవారం లోపల చెప్పు" అన్నాడు.

"నా చెయ్యే లేవదు సార్" అన్నాను.

"నేర్పించేది నోటితో కదా, అది బాగానే లేస్తాది నీకు" అన్నాడు.

నవ్వి ఫోన్ పెట్టేశాను. పోవాలని ఉంది. ఎంత ఉందంటే, ఇంట్లో ఎవరికీ చెప్పలేనంత. కానీ ఆ పిల్లలు మొదటి రోజే "మేడం, ఒకటి వేసి చూపించండి" అంటారు. అనక తప్పదు, నేనూ మా సారును అన్నాను. నా బంతి సగం దూరం కూడా పోకుండా వాళ్ళ ముందు మట్టిలో పడుతుంది. ఆ సిగ్గుకు జడిసి శనివారం దాకా సారుకు ఏ మాటా చెప్పలేదు.

ఆ శనివారం మధ్యాహ్నం మామ తెర మీద ఒక పేరు పట్టుకున్నాడు. నేను దాచిన పేరు అది.

"ఈ పిల్ల ఎవురు? వీళ్ళందరి నడుమ ఆడపిల్ల ఒగతే ఉండాదే?"

ఆ పిల్లను నేనే పుట్టించాను. పుట్టిన ఊరు రాప్తాడు, కుడిచేతి వాటం. గాయాల గడిలో ఎప్పుడూ 'లేదు' అనే పెట్టేదాన్ని. ఎన్నిసార్లు ఆడించానో లెక్కలేదు, ప్రతిసారీ గెలిచింది. గెలిచినప్పుడల్లా నేను లేచి పోయి వంటింట్లో గిన్నెలు ఎత్తి పడేసేదాన్ని.

మామ తెరకు ముఖం ఆనించినట్టు వంగి ఆ గడి చదివాడు. "దెబ్బే తగల్లేదే దీనికి" అన్నాడు. "తగిలినట్టు పెట్టి ఆడించమ్మా."

"వద్దు మామా."

"ఆడించు. నేనుండా కదా."

పంతొమ్మిదో ఏట భుజం అని పెట్టాను. జాబితాలోంచి తీయకుండా ఉంచి మీట నొక్కాను. ఒక ఏడు సున్నా, రెండో ఏడు సున్నా. ఆ ఎడమచేతివాడికి జరిగినట్టు ఏదో జరుగుతుందని ఇద్దరం కాచుకున్నాం. పదకొండేళ్ళు వరసగా సున్నాలే వచ్చాయి. ఆఖరికి నన్ను అడగకుండా కంప్యూటరే ఆ పేరు తీసేసింది. నేను కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చాను. నిజంగా నా భుజం పోయిన ఈ పదకొండేళ్ళలో దాని కోసం ఏడవడం అదే మొదటిసారి.

మామ తెరను కొట్టేలా చూశాడు. "దీనికేం తెలుసు? పాత మొనలు ఎన్నాళ్ళు పెట్టుకున్యా, కొత్త పడుగు రాకపోతే అవి అట్లే మురిగిపోతాయి. నీకు కొత్త పడుగు వచ్చిండాదా లేదా? మీ సారు ఫోన్ చేసింది నేను ఇన్లేదనుకున్యావా?"

"నా బంతి పడిపోతాది మామా, ఆ పిల్లోళ్ళ ముందర."

"పడనీలే. పాత పోగు యాడికొచ్చి ఆగిపోతాదో, కొత్తది అతికేది ఆడనే కదమ్మా."

ఆదివారం సారుకు వస్తానని చెప్పి, సోమవారం పొద్దున్నే బస్సుకు బయల్దేరాను. మా ఆయన అటకెక్కి గ్లవ్ దించి, దుమ్ము దులిపి, "దీన్ని ఎలకలు కూడా తినల్యా" అని చేతిలో పెట్టాడు. మామ ఒక చిన్న గుడ్డమూట ఇచ్చాడు. విప్పితే జల్లించిన బూడిద. బంతి విసిరేవాళ్ళు చెయ్యి జారకుండా పొడి రాసుకుంటారని ఎప్పుడో మాటల మధ్య చెప్పాను. ఆయన మరిచిపోలేదు.

మా బడి మైదానం మారలేదు. అదే ఎర్రమట్టి, అదే ఎండ, నీడకు అదే ఒక్క వేపచెట్టు. పన్నెండు మంది పిల్లలు. ఇటు బంతి విసిరే పిల్ల, అటు కొసన కూర్చొని పట్టుకునే పిల్ల. నేను అనుకున్నది జరగడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

"మేడం, మీరు ఒగటి ఏయండి."

మూట విప్పి వేళ్ళకు బూడిద రాసుకున్నాను. బంతిని కుట్ల మీద రెండు వేళ్ళతో పట్టుకోవడం చూపించాను. చెయ్యి ఎంతవరకు లేస్తే అంతవరకు లేపి విసిరాను. భుజం భగ్గుమంది. బంతి సరిగ్గా సగం దూరం పోయి, మట్టిలో పడి, రెండుసార్లు దొర్లి ఆగిపోయింది. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేదనిపించింది.

అప్పుడు బంతి విసిరే పిల్ల వచ్చి నా మూటలో వేళ్ళు ముంచింది. పరిగెత్తుకుంటూ పోయి, బంతి ఆగిన చోటే నిలబడి, దాన్ని తీసుకొని కుట్ల మీద రెండు వేళ్ళు పెట్టి నా వైపు ఎత్తి చూపించింది.

"ఇట్లనేనా మేడం?"

"ఇట్లనే" అన్నాను.

అక్కణ్ణుంచే విసిరింది. అటు కొసన గ్లవ్ ఠప్పున మోగింది.