కాశీలో వదిలిన పెరుగు

మా మేనత్త గత గురువారం కన్నుమూసింది. నాంపల్లిలో మా వీధిలో ఆమె చేత చీవాట్లు తిననివాళ్ళు లేరు కాబట్టి చాలామందే వచ్చారు. ఏడుపు ఆగలేదు, నిజమే. కానీ దాని వెనకే మనసుకి ఒక నెమ్మది కూడా ఉంది.

ఎందుకంటే నాలుగేళ్ళ కిందట ఆమె మాకు మిగలదనుకున్నాం. బేగం బజార్‌లో చింతపండు బేరమాడి వచ్చే మనిషి, ఒకరోజు ఇంటిదారి మరిచిపోయి ఓ దుకాణం మెట్ల మీద కూర్చుండిపోయింది. కాలి చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. అరికాళ్ళు తిమ్మిర్లనేది. వయసు మీద పడిందనుకున్నాం. చివరికి తాను ఎత్తుకు పెంచిన తమ్ముణ్ణి, అంటే మా నాన్నని, "ఎవరండీ మీరు?" అని అడిగింది. నాన్న ఆ పూట అన్నం ముట్టలేదు.

ఆబిడ్స్‌లో డాక్టరుగారు ముందు తిండి సంగతి అడిగారు. "పాలు, పెరుగు తింటున్రా అమ్మా?"

"కాశీలో వదిలేశానండి," అంది మేనత్త.

కాశీ వెళ్ళినవాళ్ళు ఇష్టమైనదొకటి వదిలి రావాలి. లోకమంతా తెలివిగా కాకరకాయ వదులుతుంది. మా మేనత్త చింతపండు దగ్గర బేరమాడుతుంది కానీ దేవుడి దగ్గర ఆడదు. పెరుగు లేనిదే ముద్ద దిగని మనిషి పాలూ పెరుగూ మజ్జిగా అన్నీ వదిలేసింది. అది జరిగి ఏళ్ళయింది కాబట్టి మాకు అనుమానమే రాలేదు.

"బీ ట్వెల్వ్ అని ఒక విటమిన్ ఉంటది. నరాలకు, నెత్తురుకు, మతికి అదే కావాలె. కూరగాయలల్ల దొరకదు. మాంసం తిననోళ్ళకు పాలు, పెరుగే దిక్కు. ఒంట్ల దాచుకున్నది కొన్నేండ్లు నడిపిస్తది, అది అయిపోయినంక గిట్లైతది. రక్తపరీక్ష చేపిద్దాం, ఫికర్ చెయ్యకున్రి," అన్నారు డాక్టరుగారు.

పరీక్షలో అదే తేలింది. పెరుగు తినమని నాన్న బతిమాలితే మొహం తిప్పుకుంది. ఆ విటమిన్ సూదికి మాత్రం ఒప్పుకుంది.

"వదిలింది పెరుగుని. సూదిని కాదుగా."

కొన్ని వారాలకి తిట్లు తిరిగొచ్చాయి. చారులో ఉప్పు చాలలేదని మొదటి తిట్టు నాకే. వంటింట్లోకి వెళ్ళి సంతోషంతో ఏడ్చాను. తిమ్మిర్లు పూర్తిగా పోలేదు కానీ మతి నిలిచింది. అప్పటినుంచి వీధిలో ఎవరైనా "ముసలితనం" అంటే ఊరుకునేది కాదు. "ముందు ఏం తింటున్నారో అడగండే," అనేది.

పోయే ముందు గుండెనొప్పితో దవాఖానలో చేర్చాం. కబురు విని నాన్న పరుగున వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. మేనత్త కళ్ళు తెరిచి, ఆయన్ని కిందా మీదా చూసింది.

"ఒరేయ్ తమ్ముడూ, గుండీలు తప్పుగా పెట్టుకున్నావు."

డెబ్బై దాటిన మా నాన్న, అక్క చూస్తుండగా, గుండీలన్నీ విప్పి ఒక్కొక్కటే మళ్ళీ పెట్టుకున్నాడు.