కరుణమ్మ శుక్రవారాలు

1998లో నేను హిందూపురంలో ఒక చిన్న మిషన్ ఆస్పత్రిలో స్టాఫ్ నర్సుని. పొద్దున ప్రార్థనతో మా డ్యూటీ మొదలయ్యేది. పెనుకొండ వైపు పల్లెల్లో కూలి చేసేవాళ్ళు, ధర్మవరంలో మగ్గం నేసేవాళ్ళు, అందరూ మా దగ్గరికి వచ్చేవారు. షుగర్ ఉన్నవాళ్ళకు ఇన్సులిన్ వేసుకోవడం నేర్పించే పని నాది. అందులో నాకు మంచి పేరుంది. ఆ పేరంటే కాస్త గర్వం కూడా ఉండేది.

కరుణమ్మకు యాభై దాటి ఉంటాయి. పెనుకొండ దగ్గర పల్లెలో శనక్కాయ చేలల్లో కూలి చేసి బతికిన మనిషి. భర్త చనిపోయాక హిందూపురంలో కూతురు రాణి ఇంటికి వచ్చేసింది. ఆమెకు సిరంజి పట్టుకోవడం నేనే నేర్పాను. "ఏమైనా కానీ, సూది మాత్రం ఒక్క దినం గూడా మానొద్దమ్మా" అని పదిసార్లు చెప్పాను. బుద్ధిగా తల ఊపింది.

నెల తిరక్కుండానే ఒక మధ్యాహ్నం రాణి ఆమెను ఆటోలో వేసుకొచ్చింది. ఒళ్ళంతా చెమట, పిలిస్తే పలకదు. దీన్ని మేము హైపో అంటాం, అంటే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవడం. నరానికి డెక్స్ట్రోజ్, అంటే చక్కెర మందు, ఎక్కిస్తే లేచి కూర్చుంది. సిరంజిలోకి డోసు ఎక్కువ లాగి ఉంటుందని నేను గట్టిగా కోప్పడ్డాను. రెండు వారాలకు మళ్ళీ అదే. డాక్టరుగారు డోసు తగ్గించారు. మూడోసారి ఇంకా ఆలస్యంగా తెచ్చారు. స్పృహ రావడానికి అరగంట పట్టింది. "ఇంకోసారి ఇలా అయితే మనిషి దక్కదు సిస్టర్. కారణం కనుక్కోండి" అన్నారు డాక్టరుగారు.

కేస్ షీటు తిరగేశాను. మూడు తేదీలూ శుక్రవారాలే. మా క్రైస్తవ సంఘాల్లో శుక్రవారం ఉపవాస ప్రార్థన ఉంటుంది. ఒకప్పుడు నేనూ చేసేదాన్నే. అయినా నాకు తట్టలేదు చూడండి!

"ఈ పొద్దు ఏమన్నా తిన్నావా అమ్మా?"

"లేదు సిస్టరమ్మా. ఉపాసం."

"మరి సూది?"

"ఏసుకున్నా. ఏమైనా కానీ మానొద్దంటివి కదా."

తిండి లేకుండా ఇన్సులిన్ వేసుకోకూడదని నేను ఆమెకు చెప్పనే లేదు. నా మాట తు.చ. తప్పకుండా పాటించి మూడుసార్లు చావు దాకా వెళ్ళొచ్చింది. ఆమె చెయ్యి పట్టుకుని, తప్పు నాదేనని ఒప్పుకున్నాను.

డెక్స్ట్రోజ్ బలం కాసేపే. కడుపులో అన్నం పడకపోతే మళ్ళీ పడిపోతుంది. రాణి పప్పన్నం కలిపి తెచ్చింది. బతిమాలింది, ఏడ్చింది. "పొద్దు మునిగేదాకా తినను" అంటుంది తల్లి. రాణిని తలుపు దగ్గర ఉండమని, నేను మంచం పక్కన కూర్చున్నాను.

"ఎందుకమ్మా ఇంత మొండితనం?"

దుప్పటి అంచు మడతపెడుతూ చెప్పింది. "మా ఇంటాయన కోసం సంఘమంతా ప్రార్థన చేస్తిరి. బతుకుతాడని నేను అందరితో గట్టిగా చెప్తి. పాయె. అప్పట్నుంచి మోకాళ్ళూనితే ఆడ ఎవరూ లేనట్ల ఉండాది సిస్టరమ్మా. ఈ మాట యాడ చెప్పుకునేది? కడుపు మాడ్చుకుంటేనన్నా ఆ ప్రభువు నా దిక్కు చూస్తాడేమోనని..."

ఇలాంటప్పుడు చెప్పే మాటలన్నీ నాకు కంఠతా వచ్చు. ఆ పూట వాటి జోలికి పోలేదు. "నాకు గూడా అట్లే ఉండాదమ్మా" అన్నాను. కిందటేడు పిల్లల వార్డులో ఒక పసిపాప నా చేతుల్లోనే పోయింది. అప్పటి నుంచి పొద్దున ప్రార్థనలో నా పెదవులే కదులుతున్నాయి. ఆ సంగతి మొదటిసారి ఆమెకే చెప్పాను.

ఆమె కళ్ళు పెద్దవి చేసింది. "నీకు గూడానా? మళ్ళ నువ్వు అన్నం తింటాండావే?"

"తినకుంటే డ్యూటీ ఎట్ల చేసేది?" అన్నాను. ఇద్దరికీ నవ్వొచ్చింది. "నువ్వు కడుపు మాడ్చుకుంటేనే ఆయన చూస్తాడంటే, ఆయన కంటే రాణే నయం కదమ్మా. నువ్వు తింటే చాలని ఆ పిల్ల గిన్నె పట్టుకొని నిలబడుకోనుండాది."

కరుణమ్మ తలుపు వైపు చూసింది. చెయ్యి చాచి కూతుర్ని పిలిచింది. గిన్నె ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. "ప్రభువా, నమ్మకం యాడుండాదో నాకు తెల్దు. ఆకలి ఉండాది. అన్నం పెట్టినావు. తింటా." అంతే ప్రార్థన. ఆమెన్ అన్నది నేను.

తిని పడుకుంది. షుగర్ చూడ్డానికి వేలు గుచ్చినప్పుడల్లా నన్ను విసుక్కుని, మళ్ళీ అటు తిరిగి సాయంత్రం దాకా నిద్రపోయింది. నాయన పోయాక అమ్మ ఇట్లా నిద్రపోవడం ఇదే మొదలని రాణి కళ్ళు తుడుచుకుంది.

ఆ తర్వాత నేను ఎవరికి ఇన్సులిన్ నేర్పినా ముందు తిండి సంగతే అడిగాను. శనివారం ఒక్కపొద్దులు, రంజాన్ ఉపవాసాలు, మా శుక్రవారాలు, అన్నీ రాసుకునేదాన్ని. నెల తర్వాత కరుణమ్మ చూపించుకోవడానికి వచ్చింది. ఉపవాసం మానేసిందట. దేవుడి మీద అనుమానం పోయిందా అని మెల్లగా అడిగాను.

"యాడ పోతాది సిస్టరమ్మా? దాన్ని గూడా ఎంటబెట్టుకొని మందిరానికి పోతాండా. ఆయన ఏమీ అనలేదు."

మర్నాడు పొద్దున ప్రార్థనలో నేను పెదవులు కదపడం మానేశాను. ఆ పాపను ఎందుకు తీసుకుపోయావని లోలోపల దేవుణ్ణి అడిగేశాను. ఏడాదిగా అడగడానికి భయపడ్డ మాట అది. జవాబు రాలేదు. ఏడుపు మాత్రం ఆగలేదు. నేనేమి అడిగినా ఆయన నన్ను బయటికి పంపడని ఎందుకో ఆ పూట నమ్మబుద్ధయింది. ముఖం కడుక్కుని, చాలా రోజుల తర్వాత పిల్లల వార్డులోకి భయం లేకుండా వెళ్ళాను.